తేలినీలాపురం వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

కాలేజీ ప్రాజెక్టుకి మన టెక్కలి దగ్గర పక్షులు గూళ్లు కట్టే ఊరు తేలినీలాపురం ఎంచుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చూడ్డానికొచ్చే జనం వల్ల పక్షులకి ఏమవుతోందో తేల్చాలటగా. ఆ చింతచెట్ల కింద చాలా చలికాలాలు గడిపినోణ్ణి, నాలుగు మాటలు చెప్పనీ.

మొదటి ఏడాది నేనో తెలివితక్కువ పని చేశాను. రోడ్డు మొగలో కూర్చుని బళ్లు లెక్కపెట్టాను. ఆటోలిన్ని, కార్లిన్ని. నోటుబుక్కు నిండింది గానీ అందులో పక్షి ఊసే లేదు. ఓ రోజు బస్సు నిండా బడిపిల్లలొచ్చారు. టీచరమ్మ పెదాల మీద వేలుంచుకుని వాళ్లని నడిపించింది. ఒక్క గూడబాతు (పెలికాన్) కూడా మెడెత్తలేదు. ఆ సాయంత్రమే మోటారుసైకిలు మీద ఇద్దరు కుర్రాళ్లొచ్చారు. ఎగురుతున్న పక్షుల ఫొటో కావాలని ఒకడు చెట్టు మొదట్లో నిలబడి చప్పట్లు కొట్టాడు. కొమ్మలన్నీ ఖాళీ! తల్లి లేచిన గూట్లోకి కాకి దిగింది. బస్సెడు మంది చెయ్యని నష్టం ఆ ఒక్కడు చేశాడు.

అందుకే తలకాయలు లెక్కపెట్టి ఊరుకోకు. పేజీకి మధ్యన గీత గియ్యి. ఎడమవైపు మనిషి చేసింది, కుడివైపు పక్షి చేసింది. పక్షికి ఎన్ని అడుగుల దూరందాకా వచ్చాడు, పక్షి మెడ సాచిందా, లేచి నిలబడిందా, ఎగిరిందా, మళ్లీ గూట్లో కూర్చోడానికి ఎన్ని నిమిషాలు పట్టింది. ఎగరడమే బెదరడం అనుకోకు, మెడ సాచినప్పుడే దాని గుండె అదిరినట్టు.

కార్తీకమాసం పిక్నిక్కులకీ సంక్రాంతి సెలవులకీ జనం ఎగబడతారు. పక్షులకేమో అది గూళ్ల కాలం. ఆ ఆదివారాలు సరే, ఎవరూ రాని మంగళవారం పొద్దున్న కూడా వెళ్లి కూర్చో. పక్షి ఊరికే ఎంత కదులుతుందో తెలియకపోతే జనం వల్ల ఎంత కదిలిందో ఎలా చెప్తావు?

వచ్చినోళ్లని "పక్షుల్ని బెదరగొట్టారా?" అని అడక్కు, ఎవరూ అవుననరు. ఎక్కణ్ణించొచ్చారు, ఎంతసేపున్నారు, ఊళ్లో ఏం కొన్నారు అనడుగు. తర్వాత చెట్టు పక్క ఇళ్లవాళ్ల అరుగు మీద కూర్చో. రెట్టల కంపు, జారిపడ్డ చేపల వాసన ఏళ్ల తరబడి భరిస్తున్నది వాళ్లే. కార్లలో వచ్చినోళ్ల డబ్బు వాళ్లదాకా వస్తోందో లేదో కూడా రాయి.

అన్నట్టు, అవి సైబీరియా నుంచి వచ్చాయని అందరూ చెప్తారు. నువ్వలా రాయకు. ఈ గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ (పెయింటెడ్ స్టార్కులు) మన దక్షిణాసియా వైపువే.

ఇంకోటి. ఏ ఏడైనా గూళ్లు తగ్గితే నేరం జనం మీదే తోసెయ్యకు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు ఎన్ని చెట్లు కూలాయో నీకూ గుర్తుండే ఉంటుంది. పక్షులు మేతకెళ్లే నౌపడ తంపరలో, అదే ఆ చిత్తడినేలలో, మేతెలా ఉందో కూడా ఓసారి చూసి రా.

ముదురు రంగు బట్టలు కట్టుకో, తెల్లవి దూరాన్నుంచే కనిపిస్తాయి. సెకన్ల ముల్లున్న వాచీ తెచ్చుకో. ఆదివారం పొద్దున్న ఆరింటికి టెక్కలి బస్టాండులో ఉంటాను. దూరాలు కొలవడానికి టేపు నా దగ్గరుంది.

మీ మావయ్య