పాత ఫోర్కు పక్కన పెట్టే ముందు

చిరంజీవి చిన్నబాబుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ రెండేసి సార్లు చూశాను. లియోన్‌లో పాత సామాన్ల సంతలో ప్యూజో సైకిలు కొన్నావని మీ నాన్న చెప్పినప్పుడే సంతోషమేసింది. ఫ్రేము నిటారుగా ఉంది, ఎక్కడా సొట్ట కనిపించలేదు. రంగు పోతే పోయింది, అదెంత పని! కానీ చివర్లో ఒక మాట రాశావు చూడు, "ఎలాగూ మొత్తం విప్పుతున్నాను కదా పెదనాన్నా, పాత స్టెమ్ము తీసేసి ఇప్పటి థ్రెడ్‌లెస్‌ది పెట్టేస్తే పోలా" అని. అక్కడ ఆగాను. స్టెమ్ము హ్యాండిలుని పట్టుకునే ముక్క, అయినా ఏ స్టెమ్ము పడుతుందో తేల్చేది ఫోర్కు, అదే, ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ భాగం. అందుకని స్టెమ్ము కొనే ముందు నీ ఫోర్కు సంగతి చూద్దాం.

నీ సైకిలుది పాత పద్ధతి. ఫోర్కు గొట్టం పై కొసన బయటి వైపు థ్రెడ్, అంటే మర ఉంటుంది. పై కప్పు, నాలుక ఉన్న వాషరు, దాని మీద లాక్ నట్టు, ఈ మూడూ ఆ థ్రెడ్ మీదే కూర్చుని, ఫోర్కు తిరిగే బేరింగుని పట్టి ఉంచుతాయి. స్టెమ్ముకి బేరింగుతో పనే లేదు. అది గొట్టం లోపలికి దిగుతుంది. పైనున్న పొడుగాటి బోల్టు బిగించే కొద్దీ, అడుగున ఏటవాలుగా కోసిన ముక్క పైకి లాక్కుని పక్కకి జరిగి గొట్టం గోడకి బిగుసుకుంటుంది. తాతయ్య సైకిలుదీ ఇదే పద్ధతి. కాకపోతే రాడ్ బ్రేకుల సైకిళ్ళలో హ్యాండిలూ స్టెమ్మూ కలిపి అతికి ఒకే ముక్కగా వస్తాయి, అందుకే మన ఇళ్ళల్లో స్టెమ్ము అనే మాట వినపడదు.

థ్రెడ్‌లెస్‌లో గొట్టం నున్నగా ఉండి ఫ్రేము పైకి పొడుచుకొస్తుంది. స్టెమ్ము దాన్ని బయటినుంచి పట్టుకుంటుంది. గొట్టం లోపల నక్షత్రంలా ఉండే ఒక నట్టు దిగగొట్టి ఉంటుంది. పై మూత బోల్టు ఆ నట్టుని లాగితే స్టెమ్ము కిందికి నొక్కుకుని బేరింగు సర్దుకుంటుంది. ఆ తర్వాత స్టెమ్ము పక్క బోల్టులు బిగిస్తే అయిపోయింది. రేడర్ అనే ఆయనకి 1992లో అమెరికాలో దీని మీద పేటెంటు వచ్చింది, డయా-కాంప్ కంపెనీ దాన్ని అహెడ్‌సెట్ అనే పేరుతో అమ్మింది.

నన్నడిగితే పనితనంలో థ్రెడ్‌లెస్‌దే పైచేయి. పాత దాంట్లో బేరింగు సర్దాలంటే 32 మిల్లీమీటర్ల పానాలు రెండు కావాలి. పై కప్పుని ఒకదాంతో కదలకుండా పట్టుకుని రెండోదాంతో లాక్ నట్టు బిగిస్తాం. నట్టు బిగిసేసరికి కప్పు కాస్త నొక్కుకుంటుంది, అప్పటిదాకా తేలిగ్గా తిరిగిన హ్యాండిలు బరువెక్కుతుంది. మళ్ళీ వదులు చేసి మళ్ళీ బిగించాలి. చేయి తిరిగినవాడికైనా మూడు నాలుగు సార్లు పడుతుంది. కొత్త దాంట్లో అయితే అలెన్ కీ ఒక్కటి చాలు, దారిలో ఆగి కూడా సర్దుకోవచ్చు. హ్యాండిల్ బారు మార్చాలన్నా ముందున్న ప్లేటు విప్పితే బారు చేతిలోకొస్తుంది. పాత స్టెమ్ములో అయితే ఒక వైపు టేపూ బ్రేకు లివరూ ఊడదీసి, ఆ వంపులన్నీ కన్నంలోంచి తిప్పుకుంటూ లాగాలి.

ఇంత చెప్పి కూడా నీకు మాత్రం పాతదే ఉంచుకోమంటాను. నీ ఫోర్కు బాగుంది, ఫ్రేముతో పాటు పుట్టింది, వంపు కూడా ఆ ఫ్రేముకి సరిపోయేలా వంచింది. పైగా ఎత్తు మార్చడంలో పాత స్టెమ్ముకి సాటి లేదు. బోల్టు వదులు చేసి కాస్త పైకి లాగి బిగిస్తే సరి, బేరింగు జోలికి పోనక్కర్లేదు. థ్రెడ్‌లెస్‌లో గొట్టం ఒకసారి కోసేశాక హ్యాండిలుని పైకి తేవాలంటే స్టెమ్ము తిరగేయడమో, పైకి లేచిన స్టెమ్ము కొనడమో తప్ప తేలికైన దారి లేదు. నీకు నడుము నొప్పి ఉంది. మొదటి నెల ఎత్తు ఎన్నిసార్లు మారుస్తావో నాకు తెలుసు.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయకు. థ్రెడ్ ఉన్న గొట్టం మీద థ్రెడ్‌లెస్ స్టెమ్ము బిగించకు. థ్రెడ్ కోసిన చోట గొట్టం పలచబడి ఉంటుంది, స్టెమ్ము పట్టుకునేంత పొడుగూ మిగలదు. బ్రేకు గట్టిగా వేసినప్పుడు మన బరువంతా ఆ చోటే పడుతుంది.

ఇక కొలతలు. ఇక్కడ తొందరపడకు. నీది ఫ్రెంచి సైకిలు, వాళ్ళ కొలతలు చాలా కాలం వేరుగా ఉండేవి. మామూలు ఒక అంగుళం ఫోర్కు గొట్టం బయటి కొలత 25.4 మిల్లీమీటర్లు, దాంట్లో 22.2 స్టెమ్ము దిగుతుంది. ఫ్రెంచి గొట్టం 25.0, దాంట్లోకి 22.0 స్టెమ్ము. తేడా వెంట్రుకంతే. కానీ 22.2 స్టెమ్ము దాంట్లోకి దిగదు. ఫ్రెంచి సైకిలు మీద నేను పనిచేసింది ఒక్కసారే, పుదుచ్చేరి నుంచి ఒక పెద్దాయన తెచ్చుకున్నది. 22.2 స్టెమ్ము దొరికితే, లోపలికి దిగే భాగాన్ని చుట్టూ సమంగా ఎమరీ కాగితంతో అరగదీస్తూ, ప్రతి పది నిమిషాలకీ కొలుస్తూ ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. చివరికి గ్రీజు రాసి వదిలితే దాని బరువుకి అదే మెల్లగా లోపలికి జారింది. ఆ జారుడు ఇప్పటికీ నా చేతికి గుర్తుంది. నువ్వూ అలా చేయొచ్చు, సుత్తితో మాత్రం దిగగొట్టకు. పై కప్పు, లాక్ నట్టు కూడా పారేయకు. ఫ్రెంచి థ్రెడ్ వేరు, ఇంగ్లీషు నట్టు రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి థ్రెడ్‌ని తినేస్తుంది. బారు కూడా కొలువు. ఫ్రెంచి బార్లు 25.0, జపాన్‌వి ఎక్కువగా 25.4, ఇటలీవి 26.0, ఇప్పటివి 31.8. స్టెమ్ము కన్నం బారుకంటే వదులైతే ఎంత బిగించినా గుంటల్లో తిరిగిపోతుంది.

స్టెమ్ము ఇంకా ఊడి రాలేదన్నావు. దాన్ని గురించి నేను చేసిన తప్పు చెప్తాను. మా సైకిలు షాపు కాకినాడలో సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి అల్యూమినియం స్టెమ్ము స్టీలు గొట్టంలో ఒకదాన్నొకటి కరుచుకుని పట్టేస్తుంది. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు, ఒంట్లో బలముంది. ముందు చక్రాన్ని కాళ్ళ మధ్య బిగించి, హ్యాండిలుకి రెండడుగుల పైపు తొడిగి తిప్పాను. స్టెమ్ము కదల్లేదు, ఫోర్కు కాళ్ళు రెండూ మెలితిరిగాయి. ఆ సైకిలు ఒక కుర్రాడు కాలేజీకి తొక్కుకెళ్ళేది. ఫోర్కు నా డబ్బులతో కొనిచ్చాను, ఇచ్చినా వాడి ముఖం మర్చిపోలేను.

అందుకని ఇలా చేయి. బోల్టు పూర్తిగా తీయకు, నాలుగైదు చుట్లు వదులు చేసి ఆపు. దాని నెత్తిన చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేయి. టక్కుమని అడుగు ముక్క ఊడుతుంది, బోల్టు కిందికి దిగడం కంటికి కనిపిస్తుంది. అప్పటికీ స్టెమ్ము తిరక్కపోతే సందులో నూనె పోసి రాత్రంతా వదిలేయి. రెండు రోజులు పోసినా రాకపోతే అమ్మోనియా పోసి చూడు, అల్యూమినియం తుప్పుని అది వదిలిస్తుంది. కిటికీలు తెరిచి చేయి, బ్లీచింగు దరిదాపుల్లో ఉంచకు. తిప్పాల్సి వస్తే చక్రం తీసేసి, ఫోర్కు కాళ్ళు కలిసే చోటుని చెక్కల మధ్య పెట్టి వైసులో బిగించి తిప్పు.

బయటికొచ్చాక తుడిచి, వెలుగులో పెట్టి చూడు. కొన్ని పాత స్టెమ్ములకి అడుగున నిలువుగా చీలికలుంటాయి, ఆ చీలిక ఆగిన చోట సన్నని పగులు మొదలవుతుంది. గోరుతో గీస్తే గోరు తగులుతుంది. పగులుందా, ఇంకేం ఆలోచించకు, తీసి పారేయి. మంచిదైతే గ్రీజు దట్టంగా రాసి దింపు. స్టెమ్ము మీద లోపలికి ఇంత దిగాలని గీత ఉంటుంది, ఆ గీత బయటికి కనపడకూడదు. గీత లేకపోతే 65 మిల్లీమీటర్లకి తగ్గకుండా దించు. అడుగు ముక్క ఫోర్కు మీది థ్రెడ్ కంటే కిందికి చేరాలి, లేకపోతే పలచని చోట గొట్టం ఉబ్బి చీలుతుంది.

ఒకవేళ ఫోర్కు వంగిందని తేలినా, నట్లు ఎక్కడా దొరక్కపోయినా, అప్పుడు కొత్త ఫోర్కుతో పాటు థ్రెడ్‌లెస్‌కి మారు, నేనూ వద్దనను. ఒక అంగుళం థ్రెడ్‌లెస్ ఫోర్కే అడుగు. ఇప్పుడు షాపుల్లో కనపడే 28.6 గొట్టం నీ ఫ్రేములో పట్టదు. గొట్టాన్ని స్టెమ్ము పై అంచుకి 3 మిల్లీమీటర్లు కిందికి కోయాలి, లేకపోతే మూత గొట్టానికి తగిలి బేరింగు బిగియదు. మొదటిసారి స్పేసర్లు, అంటే గొట్టానికి తొడిగే రింగులు, వేసుకుని పొడుగ్గానే వదిలేయి, వెయ్యి కిలోమీటర్లు తొక్కాక కోయించు. పాత ఫోర్కులో దిగి పైన థ్రెడ్‌లెస్ స్టెమ్ముని పట్టే అడాప్టరు కూడా అమ్ముతారు. అదీ 22.2 కొలతే, నీకైతే మళ్ళీ అరగదీయాల్సిందే. 31.8 బారు మీద అంత మోజు ఉంటే తప్ప దాని జోలికి పోకు.

అంతా బిగించాక ముందు బ్రేకు పట్టి, రెండో చేతి వేళ్ళు పై కప్పు సందు మీద పెట్టి సైకిలుని ముందుకీ వెనక్కీ ఊపు. వేళ్ళకి టిక్కు టిక్కుమని తగిలితే బేరింగు వదులుగా ఉన్నట్టు. తర్వాత ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిలుని మెల్లగా తిప్పు. మధ్యలో ఎక్కడా గుంటలో పడ్డట్టు ఆగకూడదు. ఆగితే కప్పులు అరిగాయని అర్థం, కొత్త బాల్సు వేసినా అలాగే ఉంటుంది.

అక్కడ ఎవరి దగ్గరైనా వెర్నియర్ కాలిపర్ దొరుకుతుంది, అడుగు. థ్రెడ్ మీద గొట్టం బయటి కొలత, గొట్టం లోపలి కొలత, బారు మధ్యలో మందం, ఈ మూడూ రాసి పంపు. స్టెమ్ము బయటికొచ్చాక దాని అడుగు భాగం ఫొటో దగ్గరగా తీయి. అవి వచ్చేదాకా ఏమీ ఆర్డరు పెట్టకు.

మీ పెద్దమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఆశీస్సులతో,
పెదనాన్న