ఇప్పుడు ఊగింది నిజమేనా?

రాత్రి మంచం కదిలింది. లేచి కూర్చుంటే పక్కన అడగడానికి మనిషి లేడు. తెల్లారి ఆఫీసులో ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. దాంతో భూకంపానికి ఇల్లు ఊగిందా, తలే తిరిగిందా అన్న అనుమానం పట్టుకుంది. జపాన్‌కో, కాలిఫోర్నియాకో, న్యూజిలాండ్‌కో ఒంటరిగా వచ్చిన మనవాళ్లకు ఇది తప్పని ఘట్టం. మేమంతా దాటి వచ్చాం, మీరూ దాటుతారు. కాకపోతే కొన్ని పద్ధతులు ముందే తెలిసుంటే నిద్ర మిగులుతుంది.

పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సీసాలో సగం దాకా నీళ్లు పోసి, మూత బిగించి మంచం పక్కన పెట్టుకోండి. అనుమానం రాగానే ఫోను లైటు వేసి చూడండి. నీటి అంచు సీసా గోడ మీద ఎక్కి దిగుతుంటే భూమి కదిలినట్టే. నీళ్లు నిలకడగా ఉంటే అది ఒంట్లోని తూలుడే కావచ్చు. గాజు గ్లాసు మాత్రం వద్దు. పెద్దది వచ్చిన రాత్రి చీకట్లో ఆ పెంకుల మీదే కాలు పెడతారు. వేలాడే దీపాన్ని చూసి తేల్చేవాళ్లున్నారు కానీ, ఏసీ గాలి తగిలే చోటైతే దాన్ని నమ్మడానికి లేదు. వరసగా రెండు మూడుసార్లు కదిలాక, ఏమీ లేకపోయినా ఊగుతున్నట్టే ఉంటుంది. జపాన్‌లో దీనికి ‘జిషిన్ యోయి’ అని పేరే ఉంది. భూకంపపు మత్తు అన్నమాట.

ఆఫీసువాళ్లకు తెలియలేదంటే మీకు భ్రమ అని కాదు. చిన్న కదలిక పడుకున్నవాళ్లకు, కదలకుండా కూర్చున్నవాళ్లకు, పై అంతస్తులవాళ్లకు తెలుస్తుంది. నడుస్తున్నవాళ్లకూ కారు నడుపుతున్నవాళ్లకూ చాలాసార్లు తెలియదు. ఇంట్లో ఉన్నవాళ్లు కూడా వీధిలో లారీ పోయిందనుకుని ఊరుకుంటారు.

కొత్తవాళ్లు బోల్తాపడేది అంకెల దగ్గరే. మాగ్నిట్యూడ్ అంటే భూకంపం పరిమాణం, ఒక భూకంపానికి ఒకటే అంకె. 2.5 లోపువి మామూలుగా మనిషికి తెలియవు. జపాన్ టీవీలో కనిపించే ‘షిండో’ వేరు. మీరున్న చోట ఎంత ఊగిందో అది చెబుతుంది. సున్నా నుంచి 7 దాకా ఉన్నా 5, 6 రెండేసి భాగాలు కాబట్టి మొత్తం పది మెట్లు. ఎక్కడో దూరాన 6 మాగ్నిట్యూడ్‌తో వచ్చినది మీ వీధిలో షిండో 3 కావచ్చు. ఆ రెండు అంకెలనూ కలిపేసి ఇంటికి ఫోన్ చేస్తే అక్కడివాళ్ల కంగారు మీకూ అంటుకుంటుంది.

ఊగిన తీరు కూడా గమనించండి. ముందు చిన్న కుదుపు, తర్వాత పెద్ద ఊపు వస్తాయి. ఆ రెంటికీ మధ్య సెకన్లు లెక్కపెట్టి 8తో గుణిస్తే భూకంపం పుట్టిన చోటు సుమారుగా ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలుస్తుంది. ఒక్క దెబ్బలా ‘ధబ్’మని ఆగిపోతే దగ్గర్లో పుట్టిన చిన్నది. నెమ్మదిగా, పడవలా, నిమిషం దాటి ఊగితే అది దూరాన వచ్చిన పెద్దది. సముద్రపు ఒడ్డున ఉంటే సునామీ హెచ్చరిక కోసం చూడకుండా ఎత్తైన చోటికి వెళ్లిపోవాలి.

చిన్నవి వస్తుంటే ఒత్తిడి తగ్గి పెద్దది రాదన్న మాట పట్టుకోకండి. మాగ్నిట్యూడ్ ఒక్క అంకె పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు. 7 అంత శక్తి బయటికి పోవాలంటే 5లు వెయ్యి రావాలి.

కదిలినప్పుడు మెట్ల మీదికి పరుగెత్తడం, గుమ్మంలో నిలబడటం రెండూ తప్పే. బల్ల కిందికి దూరి దాని కాలు పట్టుకోండి. మంచం మీదుంటే బోర్లా తిరిగి దిండుతో తల కప్పుకోండి. ఆగాక గ్యాస్ వాసన, బుస్సుమన్న చప్పుడు లేకపోతే ప్రధాన వాల్వు జోలికి వెళ్లకండి. అమెరికాలో ఒకసారి కట్టేస్తే మళ్లీ తెరవడానికి కంపెనీ మనిషి రావాలి, అప్పటిదాకా వేడినీళ్లు ఉండవు. జపాన్‌లో షిండో 5 స్థాయికి గ్యాస్ మీటరే కట్టేసుకుంటుంది. అప్పుడు పొయ్యిలన్నీ ఆపి, మీటరు మీద బటన్ గట్టిగా నొక్కి వదిలి, ఎర్ర దీపం మెరవడం ఆగేదాకా సుమారు మూడు నిమిషాలు ఆగాలి. మిగతా నిబంధనలు మీ నగరపాలక సంస్థ వెబ్‌సైట్లో ఉంటాయి, చూసుకోండి.

ఇక అసలు కష్టం, ఒంటరితనం. కదిలిన వెంటనే మనిషికి కావలసింది ‘మీకూ తెలిసిందా’ అని అడగడానికి ఇంకో మనిషి. రాత్రి మూడింటికి మీ అమ్మగారికి వీడియో కాల్ చేస్తే ఆ జవాబు దొరకదు. ఆవిడకు రెండు రోజులు నిద్ర ఉండదు, అంతే. ‘చిన్నది, బాగున్నాను’ అని ఒక మెసేజ్ చాలు, అదీ వార్తల్లో రాకముందే పంపండి. తర్వాత అమెరికాలో ఉంటే అక్కడి ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వారి ‘డిడ్ యూ ఫీల్ ఇట్’ ఫారం, న్యూజిలాండ్‌లోనైతే భూకంపాలను గమనించే జియోనెట్ వారిది ఆన్‌లైన్లో నింపండి. కొన్ని నిమిషాల్లో మీ పేటలో ఇంకెందరు లేచి కూర్చున్నారో పటం మీద కనిపిస్తుంది. ఆ రంగు చుక్కలు చూశాక గుండె కుదుటపడుతుంది.

అంతకన్నా మేలు, మీ అంతస్తులోనే ఒకరి నంబరు తీసుకోవడం. అంతస్తు మారితే ఊపు మారుతుంది కాబట్టి అదే అంతస్తువాళ్లయితే మీ ఇద్దరికీ ఒకేలా తెలుస్తుంది. భాష రాదని ఆగకండి. మర్నాడు లిఫ్టు దగ్గర కనబడితే చేత్తో ఊగినట్టు చూపించి, కనుబొమ్మలు ఎగరేయండి. ఆ ప్రశ్న అక్కడ పుట్టి పెరిగినవాళ్లందరికీ అర్థమవుతుంది.