చోడి (రాగి) జావ ఉండలు కట్టకుండా కాయడం ఎలా?

ప్రశ్న: బాబుకి ఆరు నెలలు నిండాయి. విశాఖలో ఉంటాం. జావ ఉండలు కడుతోంది, చోడిపిండి పది రోజులకే ముక్కవాసన వస్తోంది. ఏం చేయాలి?

పిండిని వేడినీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది. పైపొర వెంటనే ఉడికి బిగుసుకుంటుంది, లోపల పొడి పిండి అలాగే ఉండిపోతుంది. రెండు చిన్న చెంచాల పిండిని అర గ్లాసు చన్నీళ్లలో జారుగా కలిపాకే పొయ్యి మీద పెట్టండి. సన్నసెగ మీద గరిటె ఆపకుండా ఏడెనిమిది నిమిషాలు తిప్పండి. రంగు ముదిరి, నిగనిగలాడి, పచ్చివాసన పోతే ఉడికినట్టే. చెంచా వంచితే నీళ్లలా కారకూడదు, మెల్లగా జారాలి. పల్చటి జావతో చిన్న పొట్ట నిండిపోతుంది గాని బలం అందదు. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే.

ముక్కవాసనకి కారణం తేమ. మన సముద్రపు గాలికి అరకొరగా ఆరిన చోళ్లు ఇట్టే పాడవుతాయి. మొలకలు కట్టినవైతే బాగా ఎండాక దోరగా వేయించండి, పంటికింద కటుక్కుమనాలి. మర నుంచి వెచ్చగా వచ్చిన పిండిని డబ్బాలో పోసెయ్యకండి, లోపల ఆవిరి చెమరుస్తుంది. పళ్లెంలో పరిచి చల్లార్చండి. ఒకసారికి పావుకిలో చాలు. ముక్కిన పిండి బిడ్డకి పెట్టొద్దు.

తల్లిపాలు ఇస్తూనే రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి. ఉప్పు, పంచదార, బెల్లం అక్కర్లేదు. ఏడాది నిండేదాకా తేనె నాకించకండి, బోటులిజం (నరాల్ని చచ్చుబరిచే విషజబ్బు) ప్రమాదం ఉంది. చోళ్లలో కాల్షియం దండిగా ఉన్నా అందులోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. అందుకే మెత్తటి పప్పు, బాగా ఉడికిన గుడ్డు కూడా త్వరలోనే ఒక్కొక్కటిగా అలవాటు చేయండి.