పాత వన్ టన్ ట్రక్కు యాక్సిళ్లు కొనొచ్చా? డబ్బిచ్చే ముందు మూత విప్పించండి

మీరు అడిగింది ఇదీ: ఫోర్ బై ఫోర్ పికప్‌కి ఉన్న 31 అంగుళాల టైర్లు తీసేసి 37 వేయాలనుకుంటున్నారు. ఒకాయన దగ్గర పాత వన్ టన్ ట్రక్కు నుంచి ఊడదీసిన యాక్సిళ్ల జత ఉంది. ముందుది డానా 60, వెనకది జీఎం (జనరల్ మోటార్స్) 14 బోల్ట్, రెండూ బరువు బండ్ల యాక్సిళ్ల రకాల పేర్లు. "చాలా గట్టివంటున్నారు, తీసుకోమంటారా?"

గట్టివే. దాని గురించి అడగనే అక్కర్లేదు. డానా 60లో క్రౌన్ వీల్, అంటే యాక్సిల్ మధ్యలో ఉండే పెద్ద పళ్ల చక్రం, 9.75 అంగుళాలు, 14 బోల్ట్‌లో ఏకంగా పదిన్నర. పైగా ఆ వెనకదాంట్లో పినియన్‌ని, అంటే క్రౌన్ వీల్‌ని తిప్పే చిన్న పళ్ల చక్రాన్ని, మూడో బేరింగ్ ఒకటి కొసన పట్టుకుని ఉంటుంది. మీరూ నేనూ కలిసి పనిగట్టుకుని విరగ్గొడదామన్నా అంత తేలిగ్గా విరగదు. కానీ ఎంత గట్టి యాక్సిలైనా పాతికేళ్లు ఎవరి చేతిలో ఎన్ని దెబ్బలు తిన్నదో పైకి చూస్తే తెలియదు. కొనేటప్పుడు మనం చూడాల్సింది దాని బలం కాదు, అది తిన్నగా ఉందా లేదా అన్నది. ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను.

నాలుగేళ్ల కిందటి సంగతి. నాకూ మీలాగే 37 టైర్ల పిచ్చి పట్టింది. వెనక యాక్సిల్ కోసం వెతుకుతుంటే ఒకచోట 14 బోల్ట్, ఫుల్ ఫ్లోట్, డ్రమ్ములతో సహా ఉందని తెలిసింది. మా బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాను. వెళ్లేసరికి పొద్దు వాలిపోయింది, ఇదే మొదటి తప్పు. పాత ఇనుము కొనడానికి సాయంత్రం పూట ఎప్పుడూ వెళ్లకండి. నీడలో ప్రతి యాక్సిలూ బాగానే కనబడుతుంది.

అది రెండు టైర్ల మీద పడుకోబెట్టి ఉంది. నిగనిగలాడే నల్ల రంగు, ముట్టుకుంటే వేలికి ఇంకా కొంచెం అంటుకుంటోంది. అమ్మేవాడు "ఒక పెద్దాయన బండిదండీ, బరువు ఎత్తిందే లేదు" అన్నాడు. ఈ పెద్దాయన ఎవరో గానీ, ఊళ్లో ప్రతి పాత సామానూ ఆయనదే అవుతుంది. నేను యోక్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే కొస) పట్టుకుని తిప్పాను, మెత్తగా తిరిగింది. హబ్బులు పట్టుకుని ఊపాను, ప్లే లేదు. "పళ్ల మీది మూత విప్పి ఒక్కసారి చూస్తాను" అన్నాను. "గాస్కెట్ చిరిగిపోతుంది, ఆయిలంతా కింద కారుతుంది, తర్వాత మీరు వద్దంటే నేనేం చేయాలి" అన్నాడు. నిజమే కదా పాపం అనిపించింది. నాకు మొహమాటం ఎక్కువ. బావమరిది చెవిలో "బావా, వద్దు, వెళ్లిపోదాం పద" అన్నాడు. వాడికి వయసు తక్కువ, వాడికేం తెలుసు అనుకున్నాను.

దాదాపు పావు టన్ను ఇనుము. నలుగురం పట్టి బండిలోకి ఎక్కిస్తే వెనక కమాన్లు అణిగిపోయాయి. ఇంటికి తెచ్చి, మర్నాడు పొద్దున్నే ఆ పద్నాలుగు బోల్టులూ విప్పాం. అందుకే దానికి ఆ పేరు, మూతకి పద్నాలుగు బోల్టులు. మూత జారగానే బయటికొచ్చింది ఆయిల్ కాదు, బూడిదరంగు నురుగు. క్రౌన్ వీల్ కింది మూడో వంతు అంతా తుప్పు. తొట్టిలో నీళ్లు నిలిచిన గీత పడ్డట్టు, పైభాగం మెరుస్తూ, కిందిభాగం ఎర్రగా, మధ్యలో సరిగ్గా ఒక గీత. అంటే బండి నీళ్లలో దిగి ఉంటుంది, ఆ తర్వాత కదలకుండా నెలల తరబడి నిలబడి ఉంటుంది. వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ అనే గాలి రంధ్రం గుండానో సీళ్ల పక్కనుంచో నీటిని లోపలికి పీల్చుకుంటుంది. బ్రీదర్‌కి ఒక రబ్బరు గొట్టం తగిలించి పైకి, ఇంజన్ దగ్గరదాకా తీసుకెళితే ఆ బెడద చాలావరకు తప్పుతుంది. ఇంత చిన్న పని ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వాగు దాటుతూ వీడియోలు తీసుకోవడానికి మాత్రం ఓపిక ఉంటుంది.

సరే, క్రౌన్ పినియన్ ఎలాగూ మార్చేదే కదా అని సర్దిచెప్పుకున్నాను. బేరింగులూ కొత్తవే వేస్తాం. అప్పటికి నా ముఖంలో ఇంకా నవ్వు ఉంది.

ఫుల్ ఫ్లోట్ యాక్సిల్‌లో ఒక సుఖం ఏమిటంటే, బండి బరువంతా హబ్బు బేరింగుల మీద, స్పిండిల్ (హబ్బు కూర్చునే గొట్టం కొస) మీద ఉంటుంది. షాఫ్ట్ పని తిప్పడం ఒక్కటే. అందుకే చక్రం విప్పకుండానే, కొసన ఉన్న ఎనిమిది బోల్టులు తీసి షాఫ్ట్ బయటికి లాగొచ్చు. షాఫ్ట్ విరిగినా చక్రం ఊడి పారిపోదు. ఎడమవైపు షాఫ్ట్ లాగాను, తీగలా వచ్చింది. మళ్లీ పెట్టాను, తనంతట తానే లోపలికి జారి స్ప్లైన్లలో (షాఫ్ట్ కొసన పట్టుకునే గాడి పళ్లు) కూర్చుంది. కుడివైపుది లాగితే సగంలో పట్టేసింది. కొట్టి లాగాం. మళ్లీ పెట్టబోతే స్ప్లైన్లు అందలేదు. కొంచెం తిప్పితే అందాయి, ఇంకొంచెం తిప్పితే బిగుసుకుంది. బావమరిది ఏమీ మాట్లాడలేదు. నా వైపు కూడా చూడలేదు. అదే ఎక్కువ బాధ.

తర్వాత రెండు హబ్బుల ముఖాలకూ తిన్నటి ఇనుప పట్టీలు బిగించి, ముందొకసారి, వెనకొకసారి టేపుతో కొలిచాం. వెనక యాక్సిల్‌కి ఆ రెండు కొలతలూ ఒకటిగా ఉండాలి. మాకు 11 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. టేపు తప్పేమో అని మూడుసార్లు కొలిచాను. బావమరిది ఈలోగా కుడి గొట్టం మీద రంగు గీకడం మొదలుపెట్టాడు. రంగు కింద ఒక సొట్ట, సొట్ట పక్కనే కొత్త వెల్డింగ్ గీత, గ్రైండర్‌తో నునుపు చేసింది. ఎవరో బండిని దేనికో బలంగా గుద్దారు, గొట్టం వెనక్కి వంగింది, పైపైన అతికి రంగేశారు. పైన పటారం, లోన లొటారం.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే "కొనేటప్పుడే చూసుకోవాల్సిందండీ" అన్నాడు. ఆ మాట చాలా మర్యాదగా అన్నాడు, అది ఒప్పుకోవాలి.

సరిచేయించవచ్చు కదా అంటారు. గొట్టం ఉక్కు, మధ్యలో గుండు, అంటే పళ్లుండే ఉబ్బెత్తు భాగం, మాత్రం పోత ఇనుము. గొట్టాన్ని ఆ గుండులోకి నొక్కి, అక్కడక్కడ ప్లగ్ వెల్డింగ్ చేసి ఉంటారు. వంపు తీయాలంటే వేడి, ప్రెస్సు, మళ్లీ కొలత. గుండు దగ్గర వెల్డింగ్ చేయాలంటే ముందే బాగా వేడిచేసి, నికెల్ రాడ్ వాడి, తర్వాత నెమ్మదిగా చల్లార్చాలి, లేకపోతే అతుకు పక్కనే పగులుతుంది. లెక్కవేస్తే మంచి యాక్సిల్ ఇంకొకటి కొనడమే నయమని తేలింది.

ఇక్కడ నా గోడు ఒకటి వినండి. ఈ యాక్సిళ్ల గురించి ఎక్కడ మాట్లాడుకున్నా స్ప్లైన్లు 30 మంచివా 35 మంచివా అని కొట్టుకు చస్తారు. వెయ్యి మాటల్లో ఒక్కరు కూడా "టేపు తీసుకెళ్లు" అనరు. వీడియోలైతే మరీ ఘోరం. పన్నెండు నిమిషాల్లో పాతది దిగిపోతుంది, కొత్తది ఎక్కిపోతుంది, వెనక డప్పుల మోత. నిజానికి అది పన్నెండు వారాంతాలు. మధ్యలో మనవాడు గేర్ ఆయిల్ కంపుతో ఇంట్లోకి వస్తే ఎవరూ పక్కన కూర్చోరు. ఆ గంధకం వాసన బట్టలకి పడితే మూడు ఉతుకులకి కూడా పోదు. దాని గురించి ఏ వీడియోలోనూ చెప్పరు.

మీ జత విషయానికి వస్తే, అది తిన్నగా ఉందని తేలినా పళ్ల లెక్క, అంటే క్రౌన్ వీల్ ఒక చుట్టు తిరగడానికి పినియన్ ఎన్ని చుట్లు తిరగాలో, చూడండి. మీ బండిలో ఇప్పుడు 3.73 ఉందనుకుంటే, 31 నుంచి 37కి వెళ్లినప్పుడు పాత లాగుడు రావాలంటే 3.73ని 37తో గుణించి 31తో భాగించాలి. 4.45 వస్తుంది. దొరికేది 4.56, అంటే పినియన్‌కి 9 పళ్లు, క్రౌన్ వీల్‌కి 41. వన్ టన్ ట్రక్కుల్లో 4.10 తరచుగా కనబడుతుంది. పెద్ద తేడా ఏముంది అనుకోకండి. డానా 60లోనూ 14 బోల్ట్‌లోనూ 4.10 దాకా ఒక క్యారియర్ (క్రౌన్ వీల్‌ని మోసే భాగం), 4.56 నుంచి వేరే క్యారియర్. అంటే పళ్లతోపాటు క్యారియర్ కూడా మార్చాలి. మందం ఎక్కువున్న క్రౌన్ వీల్ వేసి పాత క్యారియర్‌తోనే గట్టెక్కే దొడ్డిదారి ఒకటుంది, అది మీ మెకానిక్ ఇష్టం. ముందూ వెనకా లెక్క ఒకటేనో కాదో చూడటం మాత్రం మరిచిపోవద్దు. వేర్వేరు బండ్ల నుంచి తీసి జత అని అమ్ముతారు. తేడా ఉంటే గట్టి నేల మీద ఫోర్ బై ఫోర్ వేసిన క్షణంలో ముందూ వెనకా యాక్సిళ్లకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మూలుగుతుంది.

ముందు యాక్సిల్‌కి గుండు ఏ వైపు ఉందో చూశారా? మీ ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందుకి వచ్చే షాఫ్ట్ ఏ వైపు ఉంటే గుండూ అదే వైపు ఉండాలి. ఫోర్డ్‌లో 1978 నుంచి వచ్చిన డానా 60లకి ఎడమవైపు. 1977 నుంచి 1991 దాకా వచ్చిన జీఎం ట్రక్కుల్లో కుడివైపు. ఇది తప్పితే మిగతావన్నీ బాగున్నా దండగే.

చక్రాల బోల్టులూ అంతే. రెండూ ఎనిమిది బోల్టులవే కదా అని మోసపోతారు. పాతవాటికి ఎనిమిది బోల్టులు 165.1 మిల్లీమీటర్ల చుట్టు మీద ఉంటాయి. 1999 నుంచి వచ్చిన ఫోర్డ్ సూపర్ డ్యూటీకి 170. అయిదు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు, రిమ్ము మాత్రం ఎక్కదు. ముందుకొకటి వెనకకొకటి రెండు రకాల స్టెప్నీలు మోసుకు తిరిగేవాళ్లని చూశాను. వాళ్లని చూసి నవ్వకూడదు గానీ నవ్వొస్తుంది.

ఇవన్నీ కుదిరాక అసలు ఖర్చు మొదలవుతుంది: ప్రొపెల్లర్ షాఫ్టులు, కమాన్ల కింద కుర్చీలు, యూ బోల్టులు, స్టీరింగ్ రాడ్డులు, బ్రేక్ గొట్టాలు, రిమ్ములు, టైర్లు. నా లెక్కలో యాక్సిళ్ల ధర ఒక వంతయితే ఇవన్నీ కలిపి మూడు వంతులయ్యాయి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడే బాపతు మనం. బ్రేకుల దగ్గర చేయి బిగించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నన్నడిగితే వన్ టన్ యాక్సిల్ వల్ల వచ్చే అసలు లాభం పెద్ద పళ్లు కాదు, పెద్ద బ్రేకులు. 37 టైరు ఎంత బరువో ఎత్తి చూడండి, దాన్ని ఆపొద్దూ? వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేసుకుంటారు, బాగానే ఉంటుంది. కానీ హ్యాండ్ బ్రేక్ ఏర్పాటున్న క్యాలిపర్ చూసి వేసుకోండి. అది లేకుండా వేసి, వాలులో ఆపిన ప్రతిసారీ టైరు కింద రాయి వెతుక్కునే మహానుభావులు చాలామంది ఉన్నారు. ఒకప్పుడు నేనూ వాళ్లలో ఒకణ్ణి.

ఇంకో మాట అడుగుతాను, కోపగించుకోకండి. ఇప్పటిదాకా మీ పాత యాక్సిల్‌లో ఏదైనా విరిగిందా? విరగకపోతే ఈ 37 గొడవ ఎందుకు? 33 వేసుకుని, ఒక లాకర్ (రెండు చక్రాలూ కలిసి తిరిగేలా పట్టేది) పెట్టించుకుని హాయిగా తిరగండి. ఇంత ఇనుము కింద వేలాడితే ప్రతి గుంటా నడుముకి తెలుస్తుంది. 14 బోల్ట్ గుండు కిందికి ఎంత దిగి ఉంటుందంటే, పెద్ద టైర్ల వల్ల వచ్చిన ఎత్తులో కొంత అదే మింగేస్తుంది. మీరు వినరని తెలుసు. నేనూ వినలేదు.

వెళ్లేటప్పుడు మాత్రం పొద్దున వెళ్లండి. టేపు, తిన్నటి పట్టీలు రెండు, అయస్కాంతం, కొత్త గాస్కెట్, డబ్బాడు ఆయిల్ తీసుకెళ్లండి. "గాస్కెట్ నేనే తెచ్చాను, ఆయిల్ కూడా నాదే" అంటే ఇంక అమ్మేవాడికి సాకు ఉండదు. రెండో యాక్సిల్‌ని నేను అలాగే కొన్నాను. ఆయన ముఖం చిట్లించుకుని ముప్పావు గంట నిలబడ్డాడు. నేను షాఫ్టులు రెండూ లాగి, పెట్టి, పూర్తి చుట్టు తిప్పి చూశాను. అయస్కాంతానికి సన్నటి పొడి అంటింది, అది మామూలే. ముక్కలు అంటితే మాత్రం చెయ్యి తుడుచుకుని వచ్చేయాలి. ముందు యాక్సిల్‌కైతే చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు) అరిగి ఉంటే అక్కడే తెలుస్తుంది. కొత్తగా రంగేసి ఉంటే గొట్టాల మీద రెండుమూడు చోట్ల గీకి చూడండి. ఎందుకు గీకుతున్నావని అడిగితే నా పేరు చెప్పండి.

ఆ వంకర యాక్సిల్‌ని ఇనుప సామాన్లకి వేసేశాం. తిన్నగా ఉన్న ఎడమ షాఫ్ట్ ఒక్కటి ఉంచుకున్నాం. ఒకటిన్నర అంగుళాల మందం ఉక్కు, గునపంగా భలే పనికొస్తోంది. మా బావమరిది దాన్ని తీసుకురమ్మన్నప్పుడల్లా "బావా, ఆ పెద్దాయన షాఫ్ట్ ఇలా పట్రా" అంటాడు.