గన్ లైసెన్స్ రెన్యువల్‌కి మెడికల్ సర్టిఫికెట్ కావాలి, డిప్రెషన్ మాత్రలు ఆపేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 53. ఆర్మీలో 17 ఏళ్లు చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు ఒక బ్యాంకులో గన్‌మ్యాన్‌ని. డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకీ నా సొంతం, లైసెన్స్ నా పేరు మీదే ఉంది. ఇంకో మూడు నెలల్లో రెన్యువల్. దానికి మెడికల్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నా. రెండేళ్ల క్రితం నా భార్య చనిపోయింది. ఆ తర్వాత నిద్ర పట్టక, డ్యూటీలో మనసు నిలవక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే డిప్రెషన్‌కి ఎస్సిటలోప్రామ్ 10, రాత్రి నిద్రకి క్లోనాజెపామ్ 0.5 రాశారు. 14 నెలలుగా వాడుతున్నాను, ఇప్పుడు బాగానే ఉంది. 'నెల ముందు నుంచి ఆ మాత్రలు మానెయ్, టెస్టుల్లో ఏమీ కనపడదు' అని తోటి గన్‌మ్యాన్ అంటున్నాడు. డబ్బులిస్తే చూడకుండానే సంతకం పెట్టే డాక్టర్ ఉన్నాడని ఇంకొకరు చెప్పారు. రాత్రిపూట క్యాంటీన్ రమ్ రెండు పెగ్గులు అలవాటు. ఈమధ్య పొద్దున్నే కుడిచేతి ఉంగరపు వేలు ముడుచుకుపోయి, లాగితే టక్కుమని తెరుచుకుంటోంది. ఇది కూడా చెప్పాలా? ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. సలహా ఇవ్వగలరు.

జవాబు: ముందు ఒక్క మాట, మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు. మాత్రలు ఆపకండి. మీ స్నేహితుడు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటాడు గానీ ఆయన చెప్పిన పని చేస్తే ఇప్పుడు బాగున్న మనిషి సరిగ్గా పరీక్ష రోజుకి బాగా లేకుండా తయారవుతారు.

ఎందుకంటే ఎస్సిటలోప్రామ్‌ని ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో తల తిరగడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమనడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, ఇవన్నీ మొదలవుతాయి. అందరికీ అవుతాయని కాదు, చాలామందికి అవుతాయి. అది తట్టుకున్నా అసలు జబ్బు తిరగబెట్టే ప్రమాదం వేరే ఉంది. క్లోనాజెపామ్ సంగతి ఇంకా గట్టిది, ఏడాదికి పైగా రోజూ వేసుకున్న మాత్రని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. ఫిట్స్ వచ్చిన మనిషికి తుపాకీ సర్టిఫికెట్ మీద ఏ డాక్టరూ సంతకం పెట్టడు. ఇక టెస్టుల గురించి ఆయన చెప్పింది సగమే నిజం. మామూలుగా రాసే రక్త పరీక్షల్లో ఎస్సిటలోప్రామ్ కోసం ఎవరూ వెతకరు, అంటే మీరు వేసుకున్నా కనపడదు, మానేసినా కనపడదు. మరి మానేసి సాధించేదేంటి?

తెలుగులో మందు అంటే రెండు అర్థాలున్నాయి కదా. మీరు ఆపాలనుకుంటున్నది ఒక మందు, ఆపాల్సింది ఇంకో మందు. ప్రశ్నలో చివరికి తోసేసి ఒక్క వాక్యంలో దాటేశారు చూడండి, రెండు పెగ్గుల రమ్, నాకు మీ కేసులో కంగారు పుట్టించింది అదే. క్లోనాజెపామ్, రమ్ రెండూ మెదడుని మందగింపజేసేవే, కలిస్తే మత్తు రెట్టింపవడమే కాదు, నిద్రలో ఊపిరి కూడా నెమ్మదించవచ్చు. దానికి తోడు గ్లిమిపిరైడ్. ఆ మాత్ర షుగర్‌ని కిందికి దింపుతుంది, ఖాళీ కడుపున రమ్ పడితే ఇంకా కిందికి దిగుతుంది. రాత్రి సరిగ్గా తినకుండా పెగ్గు వేసి పడుకున్నవాళ్లకి తెల్లవారుజామున చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, అయోమయం, ఇవన్నీ షుగర్ 70 కంటే తగ్గినప్పటి లక్షణాలు. చాలామంది దీన్ని కూడా టెన్షనే అనుకుంటారు. అదే స్థితిలో లేచి, టిఫిన్ తినకుండా, లోడ్ చేసిన తుపాకీ భుజాన వేసుకుని బ్యాంకు గేటు దగ్గర నిలబడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఆయుధం విలువ నాకంటే మీకే బాగా తెలుసు. అయితే ఇప్పుడు తాగుతున్నది నిజంగా రెండు పెగ్గులేనా, సీసా ఎన్ని రోజులు వస్తోంది, అది మీ సైకియాట్రిస్టుకి లెక్కతో సహా చెప్పండి. ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేసినా ఇబ్బందే, వణుకు, ఫిట్స్ వస్తాయి, ఎలా తగ్గించుకోవాలో ఆయనే చెబుతారు.

సర్టిఫికెట్ విషయానికొద్దాం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ కోరేవాళ్ల శారీరక దారుఢ్యం, మానసిక ఆరోగ్యం గురించి డాక్టర్ రాసివ్వాలి, అందులో మత్తు పదార్థాలకి బానిస కాదన్న మాట ప్రత్యేకంగా ఉండాలి. ఆ కాగితాన్ని ఫారం ఎస్-3 అంటారు. ఆసుపత్రికి వచ్చే ముందు లైసెన్స్ ఇచ్చే ఆఫీసుకి, అంటే మీ ప్రాంతాన్ని బట్టి కలెక్టరేటో పోలీస్ కమిషనర్ ఆఫీసో, అక్కడికి ఒకసారి వెళ్లి 'ఎవరి సంతకం చెల్లుతుంది, సైకియాట్రిస్టుది విడిగా కావాలా' అని అడిగి రండి. ఒకచోట ప్రైవేట్ ఎంబీబీఎస్ డాక్టర్ సంతకం చాలంటారు, ఇంకోచోట ప్రభుత్వ ఆసుపత్రిదే కావాలంటారు. ఈ ముక్క అడక్కుండా వచ్చి మా ఓపీ లైన్లో మూడుసార్లు నిలబడి విసుక్కున్నవాళ్లని చాలామందిని చూశాను.

మీ అసలు భయం, 'మానసిక జబ్బుకి మందులు వాడుతున్నానని చెబితే లైసెన్స్ పోతుందా?'. మన దగ్గర సైకియాట్రిస్టు అనగానే ఎర్రగడ్డ జోకులు వేస్తారు, అందుకే ఈ భయం. ఆయుధాల చట్టం వద్దనేది మతిస్థిమితం లేనివాళ్లకి, లేదా మరే కారణం చేతనైనా తుపాకీకి తగనివాళ్లకి. డిప్రెషన్‌కి మాత్ర వేసుకునే మనిషీ మతిస్థిమితం లేని మనిషీ ఒకటి కాదు. ఇది నేను ఓదార్పుకి చెప్పే మాట కాదు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది, మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన కోర్టు ప్రకటిస్తే తప్ప ఆ మనిషికి మతిస్థిమితం లేదని అనుకోకూడదని. ఇక దాచడం సంగతి. ముఖ్యమైన విషయాన్ని దాచి తీసుకున్న లైసెన్స్‌ని రద్దు చేసే అధికారం ఆయుధాల చట్టం 17వ సెక్షన్ ఇస్తుంది. అంటే చెబితే ఏమవుతుందో అని మీరు భయపడుతున్నారు గానీ చట్టం దృష్టిలో ఎక్కువ రిస్క్ చెప్పకపోవడంలోనే ఉంది.

అలాగని చెబితే తప్పకుండా ఇచ్చేస్తారని నేను మాటివ్వలేను. నేనే ఆ కుర్చీలో ఉంటే ఏం చూస్తానో చెబుతా. మీ సైకియాట్రిస్టు నుంచి ఒక చిన్న ఉత్తరం అడుగుతాను, జబ్బు ఏమిటి, ఎప్పటి నుంచి నిలకడగా ఉంది, మందుల మోతాదు ఎంత, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయా, ఇంతే, అర పేజీ చాలు. ఆర్నెల్లుగా నిలకడగా ఉన్నారు, తాగుడు లేదు, పగటిపూట మత్తు లేదు అని ఆయన రాస్తే నాకు అభ్యంతరం ఉండదు. పోయిన నెలే మాత్ర మార్చారు, నిద్ర లేదు, రోజూ తాగుతున్నారు అంటే ఇప్పుడు పెట్టను, మూడు నెలల తర్వాత రండి అంటాను. 2019 సవరణ తర్వాత లైసెన్స్ కాలపరిమితి మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది, ఇవాళ నేను పెట్టే సంతకం మీద అయిదేళ్లు తుపాకీ తిరుగుతుంది. అందుకే ఆ చూడకుండా సంతకం పెట్టే మహానుభావుడి గురించి విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆయన పెట్టేది సంతకం కాదు, అంగడి ముద్ర.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి నేను అడగాలి. మీ ఆవిడ పోయిన తర్వాత, బాగా కుంగిపోయి ఉన్న రోజుల్లో, ఎప్పుడైనా తుపాకీ చేతిలోకి తీసుకుని వేరే ఆలోచన చేశారా? ఇలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని ఇంట్లోవాళ్లు భయపడతారు, అలా పుట్టదు, అడిగితే చాలామంది గుండె బరువు దించుకుంటారు. ఒకసారి ఒకాయన ఇదే సర్టిఫికెట్ కోసం వచ్చాడు, బీపీ బాగుంది, చూపు బాగుంది, అన్నీ బాగున్నాయి, ఫారం నింపుతూ ఇదే ప్రశ్న అడిగితే చాలాసేపు గోడ మీది క్యాలెండర్ వైపు చూసి, 'తూటాలు మా తమ్ముడింట్లో పెట్టానండి' అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆ రోజు సంతకం పెట్టలేదు, సైకియాట్రీ ఓపీ దాకా నేనే వెంట వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆ తమ్ముడింట్లో తూటాలు పెట్టడమే ఆయన చేసిన అతి మంచి పని.

కాబట్టి మీకు ఇప్పుడు బాగానే ఉన్నా తుపాకీ, తూటాలు ఒకే అల్మారాలో ఉంచకండి. డ్యూటీ అయ్యాక బ్యాంకులోనే భద్రంగా పెట్టే ఏర్పాటు ఉందేమో మేనేజర్‌ని అడగండి. కొన్నాళ్లు ఇంట్లో వద్దనిపిస్తే లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ పోలీస్ స్టేషన్‌లో గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవచ్చు, ఎన్నికలప్పుడు చేసేదే కదా, అందులో పరువు పోయేదేమీ లేదు. ఏ అర్ధరాత్రో మనసు పాడైతే టెలి-మానస్ నంబరు 14416 ఉంది, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

మిగతా పరీక్షలు త్వరగా చెప్పేస్తాను, అవంత కష్టమైనవి కావు. కళ్లద్దాలు ఉంటే తప్పేమీ లేదు, అద్దాలతో చూపు సరిపోతే చాలు, కానీ తొమ్మిదేళ్ల షుగర్ కాబట్టి రెటీనా పరీక్ష ఏడాదికోసారి ఎలాగూ చేయించుకోవాలి. దానికి కంట్లో చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు మసకగా ఉంటుంది, అందుకే అది వేరే రోజు పెట్టుకోండి, సర్టిఫికెట్ రోజూ వద్దు, డ్యూటీ రోజూ వద్దు. చెవులు కూడా చూపించుకోండి. ఫైరింగ్ రేంజ్‌లో ఏళ్లు గడిపినవాళ్లకి సన్నని శబ్దాలు ముందు పోతాయి, మామూలు మాటలు వినపడతాయి గనక తేడా తెలియదు, టీవీ సౌండ్ పెంచుతున్నారని ఇంట్లోవాళ్లే చెబుతారు. ఆడియోమెట్రీ అని చిన్న పరీక్ష, పదిహేను ఇరవై నిమిషాల పని. చేతుల వణుకు చూడటానికి నేను చేసేది పాత పద్ధతే, రెండు చేతులూ ముందుకి చాపమని వాటి మీద ఒక తెల్లకాగితం పెడతాను. కళ్లకి కనపడని వణుకు కాగితం అంచున కనపడుతుంది. రమ్ అలవాటు ఉన్నవాళ్లు ఈ కాగితం చూసి నవ్వేస్తారు, వాళ్లకి ముందే తెలుసు. మీరు మాజీ సైనికులు కాబట్టి ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే ఈ పరీక్షలకి బయట డబ్బులు తగలేయకుండా మీ పాలిక్లినిక్‌లోనే అడగండి.

సర్టిఫికెట్ రోజు టిఫిన్ తిని, షుగర్ మాత్ర వేసుకునే రండి. చాలామంది రక్త పరీక్ష ఉంటుందేమోనని మాత్ర మాత్రం వేసుకుని ఏమీ తినకుండా వచ్చి లైన్లో కళ్లు తిరిగి పడిపోతారు. బీపీ ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి, సర్టిఫికెట్ కోసం వచ్చిన అందరి బీపీ కాస్త ఎక్కువే ఉంటుంది, పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తాం. ఇప్పుడు వాడుతున్న మాత్రల చీటీలన్నీ తెచ్చుకోండి, సైకియాట్రిస్టువి కూడా.

ఇక వేలు. నవ్వొస్తుంది గానీ దాని పేరే ట్రిగ్గర్ ఫింగర్. తుపాకీ వల్ల వచ్చింది కాదు, వేలిని ముడిచే నరం లాంటి తాడు, అంటే స్నాయువు, అది జారే గొట్టం దగ్గర ఉబ్బి ఇరుక్కోవడం వల్ల వస్తుంది, షుగర్ ఉన్నవాళ్లకి మామూలు వాళ్లకంటే ఎక్కువగా వస్తుంది. మీకు ఉంగరపు వేలికి వచ్చింది, చూపుడు వేలు బాగుంటే సర్టిఫికెట్‌కి ఇది అడ్డం కాకపోవచ్చు, అయినా పట్టు ఎలా ఉందో డాక్టర్ చూడాలి గనక దాచకండి. ఆర్థోపెడిక్ డాక్టర్‌ని ఇప్పుడే కలవండి, మూడు నెలలు టైముంది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టి మెల్లగా ఆడించడం, రాత్రి చిన్న స్ప్లింట్ (వేలు ముడుచుకోకుండా పట్టి ఉంచే పట్టీ) కట్టుకోవడంతో కొందరికి తగ్గుతుంది. తగ్గకపోతే అక్కడ స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, మంచిదే, కానీ అది చేయించుకున్నాక కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ఆ వారంలో వచ్చిన రీడింగ్ చూసి బెదిరిపోయి గ్లిమిపిరైడ్ మీ అంతట మీరు పెంచుకోకండి.