నొప్పి పోయిందని వదిలెయ్యకు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నీ కాలి సంగతి చెప్పింది. కనుమ వెళ్ళిన మర్నాడు తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చున్నావట, కుడి బొటనవేలు మొదట్లో వాచి ఎర్రగా నిగనిగలాడుతోందట, దుప్పటి అంచు తగిలినా కేకలు పెడుతున్నావట, డాక్టరు చూసి గౌట్ అన్నాడట, అంటే యూరిక్ యాసిడ్ కీళ్ళలో పేరుకుని వచ్చే వాపు. నేను విని నవ్వాను. కోపం తెచ్చుకోకు, నీ బాధకి కాదు నవ్వింది. ఆ టైమూ, ఆ వేలూ, ఆ దుప్పటీ అన్నీ అచ్చం నావే. 2006లో నలభై అయిదేళ్ళప్పుడు నాకు మొదటిసారి వచ్చింది. మీ తాతయ్య ముసురు పట్టినప్పుడల్లా కర్ర పట్టుకుని కుంటేవాడు, వాతం అనేవాళ్ళం, ఇప్పుడు ఆలోచిస్తే ఆయనదీ ఇదే అయ్యుంటుంది. పొలాలు పంచుకున్నాం, ఇదీ పంచుకున్నాం. కాకపోతే నీకు ఇంకా నలభై కూడా రాలేదు, అందుకే కూర్చుని ఇంత రాస్తున్నా.

ముందు ఈ వారం ఎలా గట్టెక్కాలో చెప్తా. కాపడం పెట్టొద్దు. మొదటిసారి మీ అత్తయ్య పాపం మంచి మనసుతోనే ఇసుక వేడి చేసి మూట కట్టి వేలి మీద పెట్టింది, నేను పెట్టిన కేకకి ఎదురింటివాళ్ళు లైటు వేశారు. బామ్‌లు రాసి రుద్దడం, మంగలిని పిలిచి మర్దన చేయించడం కూడా వద్దు. ఐసు ముక్కలు పల్చటి తువ్వాలులో చుట్టి పావుగంట, ఇరవై నిమిషాలు ఆనించు, రోజుకి నాలుగైదు సార్లు. కాలు రెండు దిండ్ల మీద ఎత్తుగా పెట్టుకో. దుప్పటి బాధకి నేను కనిపెట్టిన ఉపాయం ఏంటంటే గంప. కోడిపిల్లలకి కప్పే చిన్న వెదురు గంప ఉంటుంది చూడు, దానికి ఒక పక్క కాలు పట్టేంత సందు కోసి, మంచం మీద పాదానికి బోర్లించి, పైన దుప్పటి కప్పుకున్నాను. దుప్పటి గంప మీద ఉంటుంది, కాలు లోపల హాయిగా ఉంటుంది, ఫ్యాను గాలి కూడా తగలదు. మీ అత్తయ్య మొదట్లో పగలబడి నవ్వింది కానీ నాకు నిద్ర పట్టింది.

మందు సంగతి. గౌట్ నొప్పి మొదలైన మొదటి రోజే మందు పడితే బాగా పనిచేస్తుంది, మూడో రోజు వేసుకుంటే అంత పని చెయ్యదు. కాల్చిసిన్ అని చిన్న మాత్ర, మన దగ్గర 0.5 మిల్లీగ్రాములది దొరుకుతుంది, లేదంటే వాపు తగ్గే నొప్పి మాత్రలు, అవి పడనివాళ్ళకి కొద్ది రోజులు స్టెరాయిడ్. నీకు ఏది, ఎన్ని అనేది డాక్టరే చెప్పాలి, నీ కిడ్నీలు చూసి చెప్పాలి. కాల్చిసిన్ ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి, అలా అయితే ఆపేసి ఫోన్ చెయ్యి, 'ఇంకొకటి వేస్తే తగ్గుతుందేమో' అని వెయ్యకు, మోతాదు మించితే ప్రాణం మీదికి తెచ్చే మందు అది. దగ్గనీ జలుబనీ వేరే డాక్టరు ఏదైనా యాంటీబయాటిక్ రాస్తే కాల్చిసిన్ వాడుతున్నానని ముందే చెప్పు, క్లారిత్రోమైసిన్ లాంటివి దానితో పడవు. ఇంకో మాట, చలిజ్వరం వచ్చి వాపు పైపైకి పెరుగుతుంటే గౌటేలే అని ఇంట్లో కూర్చోవద్దు, కీలులో చీము పట్టినా ఇలాగే ఉంటుంది, ఆ రోజే ఆసుపత్రికి పో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. నీకు వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది. మందు వేసినా తగ్గుతుంది, వెయ్యకపోయినా రెండు వారాలకి తగ్గుతుంది, అదే దీని మాయ. తగ్గగానే నువ్వు బూట్లు వేసుకుని ఆఫీసుకి వెళ్ళి ఈ మావయ్య ఉత్తరం మర్చిపోతావు. నేనూ అంతే చేశాను. మొదటిసారికీ రెండోసారికీ మధ్య పద్నాలుగు నెలలు. తర్వాత ఆరు నెలలకి వచ్చింది. తర్వాత రెండు నెలలకోసారి. బొటనవేలు నుంచి చీలమండకి, అక్కడి నుంచి మోకాలికి. వచ్చినప్పుడల్లా మా బస్సు డిపో ఎదురుగా మెడికల్ షాపుకి వెళ్ళి నొప్పి మాత్ర కోసం "ఆ మాత్ర ఇవ్వు" అనేవాణ్ణి, అతను పేరు కూడా అడక్కుండా స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేవాడు. రెండు వేసుకుని బస్సు నడపడానికి ఎక్కేవాణ్ణి, ఎందుకంటే బ్రేకు తొక్కాల్సిన కాలూ నొప్పెట్టే కాలూ ఒకటే కదా. ఇలా తొమ్మిదేళ్ళు నడిపాను.

దానికి తోడు నీళ్ళు. బస్సు నడిపేవాడికి నీళ్ళు తాగడమంటే భయం రా, దారిలో ఆపుకోవడానికి చోటుండదు, అందుకని పొద్దున్న ఒక గ్లాసు తాగి మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకుంటూ నెట్టుకొచ్చేవాణ్ణి. ఒంట్లో పుట్టే యూరిక్ యాసిడ్‌లో ఎక్కువ భాగం కిడ్నీలే బయటికి పంపాలి, అవి పంపలేకపోతే రక్తంలో మిగిలిపోతుంది. రక్తంలో అది డెసిలీటరుకి 6.8 మిల్లీగ్రాములు దాటిందంటే ఇక కరగదు. పటికబెల్లం ఎలా కడుతుంది? చిక్కటి పాకం చల్లారుతుంటే దారానికి పలుకులు పేరుకుంటాయి కదా, అదే ఇక్కడా. ఒంట్లో చల్లగా ఉండే చోటు కాలివేళ్ళు, అక్కడ సూదుల్లాంటి పలుకులు పేరుకుంటాయి. ఏదో ఒక రాత్రి ఒళ్ళు వాటిని చూసి శత్రువు అనుకుని యుద్ధానికి దిగుతుంది. ఆ యుద్ధమే నీ నొప్పి. యుద్ధం ఆగినంత మాత్రాన పలుకులు ఎక్కడికీ పోవు, అక్కడే ఉంటాయి.

2015 గోదావరి పుష్కరాల్లో పన్నెండు రోజులూ స్పెషల్ బస్సుల డ్యూటీ వేశారు. జూలై ఎండ, ఉక్క, కిలోమీటర్ల పొడవున ట్రాఫిక్, నీళ్ళు లేవు, నిద్ర లేదు, మాత్రలు మాత్రం ఉన్నాయి. ఎనిమిదో రోజు రెండు కాళ్ళకీ ఒకేసారి వచ్చింది. బస్సు దిగలేకపోతే కండక్టరూ ఇంకో ఇద్దరూ నన్ను కుర్చీలో మోసుకెళ్ళారు, పక్కన యాత్రికులు నన్నేదో స్వామీజీ అనుకుని దణ్ణం పెట్టారు. ఆసుపత్రిలో రక్తం తీస్తే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఉండాల్సినదానికంటే ఎక్కువగా 1.9. అంటే నొప్పి మాత్రలు, దాహం కలిసి కిడ్నీలని తినేశాయన్నమాట. అప్పటికే మోచేతి మీద శనగగింజలంత గడ్డలు, ఒకటి పగిలితే తడి సున్నంలా తెల్లటి ముద్ద వచ్చింది. మీ అత్తయ్య అది చూసి ఆ రోజు అన్నం తినలేదు.

పరీక్ష గురించి కూడా ఒక మాట. మొదటిసారి నొప్పి మీద ఉండగా నాకు యూరిక్ యాసిడ్ చేస్తే 6.4 వచ్చింది. ఒక డాక్టరు అది చూసి "నీకు గౌట్ కాదు, బెణికింది" అని పట్టీ వేసి యాంటీబయాటిక్ రాశాడు. నొప్పి ఉన్నప్పుడు ఆ అంకె ఒక్కోసారి మామూలుగానే కనిపిస్తుంది, అది నాకు ఎప్పటికో తెలిసింది. పూర్తిగా తగ్గాక మూడు వారాలు ఆగి మళ్ళీ చేయించుకో, అదే అసలు అంకె. నాది తర్వాత 9.1 వచ్చింది. దానితో పాటు క్రియాటినిన్, షుగరు కూడా చూపించు, బీపీ కొలిపించు. అసలు అనుమానం తీరకపోతే కీలులోంచి సూదితో నీరు తీసి మైక్రోస్కోపు కింద పలుకులు చూస్తారు, అంతకంటే గట్టి రుజువు లేదు.

ఇక రోజూ వేసుకునే మాత్ర, అల్లోప్యూరినాల్. ఇది పాత మందే, అరవై ఏళ్ళ నుంచీ ఉంది, పెద్ద ఖరీదూ కాదు. ఒక్కసారి వచ్చిన ప్రతివాడికీ ఇది రాయరు, మళ్ళీ మళ్ళీ వస్తున్నా, గడ్డలు కట్టినా, కిడ్నీ దెబ్బతిన్నా, కిడ్నీలో రాళ్ళున్నా రాస్తారు, కాబట్టి నీకు కావాలో లేదో అడుగు, అడగడం మాత్రం మానకు. మామూలుగా రోజుకి 100 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, నా కిడ్నీల పుణ్యమా అని నాకు 50తో మొదలుపెట్టి మెల్లగా 300కి తెచ్చారు. మాత్ర ఎంత అనేది కాదు లెక్క, రక్తంలో 6 కంటే కిందికి వచ్చిందా లేదా అనేదే లెక్క, గడ్డలున్న నాలాంటివాడికి 5 కంటే కిందికి. చాలామంది 100 వేసుకుంటూ పరీక్ష చేయించుకోకుండా ఏళ్ళు గడిపేస్తారు, అది వేసుకున్నట్టూ కాదు, మానినట్టూ కాదు.

ఇందులో ఒక తిరకాసు ఉంది, దీనికే నేను దొరికిపోయాను. మాత్ర మొదలుపెట్టిన కొత్తలో నొప్పులు ఎక్కువ వస్తాయి! పాత పలుకులు కరుగుతూ కదులుతాయి కదా, అందుకు. ఈ మందే నా కొంప ముంచుతోందని డబ్బా తీసుకెళ్ళి పెరట్లో పాతేశాను, తర్వాత డాక్టరు చేత చీవాట్లు తిన్నాను. అందుకే మొదటి మూడు నుంచి ఆరు నెలలు తక్కువ మోతాదులో కాల్చిసిన్ కూడా ఇస్తారు. ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో నొప్పి వచ్చినా అల్లోప్యూరినాల్ ఆపకూడదు. ఆపాల్సింది ఒక్కటే సందర్భంలో, ఒంటి మీద దద్దుర్లో, నోట్లో పుళ్ళో, జ్వరమో వస్తే. అప్పుడు మాత్రం వెంటనే ఆపేసి అదే రోజు డాక్టరుకి చూపించు, అరుదే కానీ వస్తే పెద్ద ప్రమాదం. నాకు ఏమీ రాలేదు. రెండేళ్ళకి మోచేతి గడ్డలు అణిగిపోయాయి, 2018 తర్వాత ఒక్కసారి కూడా గంప దించలేదు.

బీపీ మాత్ర వాడేవాళ్ళు డబ్బా మీద పేరు చివర 'హెచ్' అనే అక్షరం ఉందేమో చూసుకోవాలి. అందులో నీరు తీసే మందు కలిసి ఉంటుంది, అది యూరిక్ యాసిడ్‌ని పెంచుతుంది. నాది అదే! డాక్టరు దాన్ని మార్చి లోసార్టాన్ ఇచ్చాడు, అది కొంచెం తగ్గిస్తుంది కూడా. నీకు బీపీ లేదు కానీ మీ నాన్న డబ్బా ఒకసారి చూడు. చూసి డాక్టరుకి చెప్పండి, సొంతంగా ఆపెయ్యొద్దు.

తిండి గురించి మీ అమ్మ అప్పుడే లిస్టు తయారుచేసిందట, పప్పు బంద్, పాలకూర బంద్, టమాటా బంద్, వంకాయ బంద్, చింతపండు బంద్. మరి వాడేం తింటాడమ్మా, గాలా? పప్పుకీ ఆకుకూరకీ నీ నొప్పికీ సంబంధం లేదు, కందిపప్పు తిన్నందుకు ఎవడికీ గౌట్ రాదు. నీ మూడు రోజుల సంక్రాంతి నేను ఊహించగలను. భోగి నాడు మటనూ తలకాయ కూరా, పండగ నాడు పేకాట దగ్గర బీర్లు, కనుమకి నాటుకోడీ కార్జం వేపుడూ రొయ్యలూ, మధ్యమధ్యలో కూల్‌డ్రింకులు, మంచినీళ్ళు సున్నా. అదీ కారణం. కార్జం, కిడ్నీ, భేజా పూర్తిగా మానెయ్. మటను నెలకో మాటు చాలు. నెత్తళ్ళు, కవళ్ళు, రొయ్యలు బాగా తగ్గించు. పులస సంగతి అడుగుతావని తెలుసు, పుస్తెలమ్మైనా తినమన్నారు పెద్దలు, నేను ఏడాదికి రెండు ముక్కలు తింటా, ఆ రోజు చెంబు నీళ్ళు ఎక్కువ తాగుతా. బీరు మాత్రం దీనికి అన్నిటికంటే చెడ్డది, బీరు కాదు విస్కీ కదా అని తెలివి చూపించకు, అదీ పెంచుతుంది, కల్లూ అంతే. తియ్యటి కూల్‌డ్రింకు పిల్లలు తాగేదే కదా అనుకుంటావు, అందులో ఉండే చక్కెర కూడా యూరిక్ యాసిడ్ పెంచుతుంది. పల్చటి మజ్జిగ ఎంతైనా తాగు, మేలే చేస్తుంది. కాఫీ మానక్కర్లేదు.

కానీ ఒకటి గుర్తుపెట్టుకో, తిండి ఎంత కట్టడి చేసినా ఆ అంకె ఒక పాయింటు తగ్గితే గొప్ప. 9 ఉన్నవాడు పత్యంతో 6కి రాడు. పొట్ట తగ్గించు, కానీ నెమ్మదిగా. మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసాలు, నెలలో పది కిలోలు తగ్గించే డైట్లు పెట్టుకుంటే ఆ వారమే వేలు వాస్తుంది.

పసరు మందులు, పొడులు అని ఎవరైనా చెప్తే నా దగ్గరికి పంపు. నేనూ ఒకాయన దగ్గర గోధుమరంగు పొడి మూడు నెలలు తిన్నాను, నొప్పి మంత్రం వేసినట్టు పోయింది, మొహం మాత్రం గుమ్మడికాయలా ఊరింది, షుగరు వచ్చింది. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపేవాళ్ళు ఉంటారు. ఇంకొకడు అడవినాభి గడ్డ అరగదీసి తాగమన్నాడు, అందులో కాల్చిసిన్ ఉన్న మాట నిజమే, కానీ ఎంతుందో ఎవడికి తెలుసు, అది విషం రా.

అన్నట్టు మీ అమ్మ తన మడమ నొప్పి కూడా యూరిక్ యాసిడే అనుకుని నీ మాత్రలు అడుగుతోంది. ఇవ్వకు. పొద్దున్న మంచం దిగి మొదటి నాలుగడుగులు వేసేటప్పుడు పొడిచి, నడిచేకొద్దీ తగ్గుతుందంటే అది మడమ కింద నరం లాంటి పట్టీ వాపు, దాని దారి వేరు. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి పాదం కింద పెట్టి దొర్లించమను, గోడకి చేతులు ఆనించి పిక్కలు సాగదియ్యమను, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోమను. నువ్వు మాత్రం ఆ ముక్కు సన్నటి బూట్లు ఎవరికైనా ఇచ్చేసి, వేళ్ళు కదిలేంత వెడల్పున్నవి కొనుక్కో, సాయంత్రం పూట కొను, అప్పటికి కాలు కాస్త ఉబ్బి ఉంటుంది.

నొప్పి తగ్గిన రోజు క్యాలెండరు మీద గుర్తు పెట్టి, అక్కడికి మూడు వారాలకి పరీక్ష చేయించుకుని రిపోర్టు వాట్సప్‌లో పెట్టు, అంకె మసగ్గా రాకుండా తియ్యి. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ చెయ్యి, సీరియల్ అయిపోతుంది, మీ అత్తయ్య ఫోను వదులుతుంది. గంప కడిగి ఎండలో పెట్టింది, రేపు రాత్రి బస్సులో మా పాత కండక్టరు చేతికిచ్చి పంపిస్తున్నా, పొద్దున్నే ఎవరినైనా పంపి తీసుకో. కాస్త కోళ్ళ వాసన వస్తుంది, ఏమనుకోకు.

మీ మావయ్య