పాత కాగితాల గదికి ఇన్‌చార్జి ఉద్యోగం: అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్‌లో పీజీ) పూర్తి చేసింది, వయసు 24. ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఆర్కైవ్స్ (పాత రికార్డుల విభాగం) ప్రాసెసింగ్ సూపర్‌వైజర్‌గా రెండేళ్ల కాంట్రాక్టు మీద తీసుకుంటామంటున్నారు. కింద నలుగురు ఉంటారట: ఒక సీనియర్ అటెండరు, ఇద్దరు ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్లు, ఒక పార్ట్‌టైం విద్యార్థి. పాత కాగితాలు సర్దడానికి పీజీ ఎందుకని ఇంట్లో అంటున్నారు. పంపాలా, ఇంట్లోనే ఉండి యూజీసీ నెట్ అర్హత పరీక్షకు చదువుకోమనాలా? (ఒక తండ్రి, నర్సంపేట)

జవాబు: కాగితాలు సర్దడానికి పీజీ అక్కర్లేదండీ, మీ ఇంట్లోవాళ్లు అన్నది నిజమే. నలుగురు సర్దుతుంటే ఏ కట్టకు ఎంత పని చేయాలి, ఎక్కడ ఆపేయాలి అని తేల్చి చెప్పడానికి కావాలి. మీ అమ్మాయికి ఇస్తామంటున్నది ఆ పనే. పంపండి, కాకపోతే ఆర్డరు కాగితం చూశాకే. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఒక రిటైరైన ప్రొఫెసరు ఇంటి నుంచి లైబ్రరీకి 60 అడుగుల కాగితాలు వచ్చాయనుకోండి. అడుగంటే అరలో నిలబెడితే పట్టే జాగా. ఆర్కైవ్స్‌లో పనిని కొలిచేది దీంతోనే, ఫైళ్ల లెక్కతో కాదు. ఒక్కో కాగితాన్నీ చూసి, దులిపి, పేరు రాసి సూచికలో ఎక్కిస్తూ పోతే అడుగుకు 20 గంటలు ఇట్టే పడుతుంది. మీరు చెప్పిన నలుగురి అసలు చేతి పని కలిపితే రోజుకు 16 గంటలకు మించదు, ఎందుకంటే విద్యార్థి రెండు గంటలే ఉంటాడు, మిగతావాళ్లను ఎవరో ఒకరు వేరే పనికి పిలుస్తూనే ఉంటారు. ఆ లెక్కన 1,200 గంటలంటే 75 పనిదినాలు, అంటే మూడు నెలలు ఒక్క ప్రొఫెసరుకే పోతాయి. 2005లో మార్క్ గ్రీన్, డెన్నిస్ మైస్నర్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్కైవిస్టులు ఈ అలవాటునే తప్పుపట్టారు. ఇరవయ్యో శతాబ్దపు మామూలు కాగితాలను ఫోల్డర్ స్థాయిలోనే సర్ది, అడుగుకు 4 గంటల్లో ముగించి, చదువుకునేవాళ్ల చేతికి ఇవ్వండి అన్నారు. అదే 60 అడుగులు అప్పుడు 15 రోజుల పని.

అయితే పిన్నులు (స్టేపుల్స్) తీయక్కర్లేదన్న వాళ్ల మాట మనకు నప్పదు. చల్లగా, పొడిగా ఉండే గదిలో పిన్ను అలా వదిలేసినా ఫర్వాలేదు. మన దగ్గర ఏసీ సరిగా లేని గదిలో కొన్ని వానాకాలాలు గడిస్తే పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ పడుతుంది, తర్వాత అక్కడ కాగితం పొడిపొడిగా రాలిపోతుంది. కాబట్టి తుప్పు పట్టినవి, పట్టబోయేవి తీయాల్సిందే. తీయడంలోనూ పద్ధతి ఉంది. కోరలుండే స్టేపుల్ రిమూవర్‌తో లాగితే కాగితం చిరుగుతుంది. కాగితం తిప్పి, పిన్ను కాళ్ల కింద పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, మొండి చాకులాంటి స్పాచులాతో కాళ్లు పైకి లేపి, అప్పుడు ముందు వైపు నుంచి తీయాలి. చేరిన మొదటి రోజే నలుగురికీ ఇది చేసి చూపించాలి. సెలోటేపు, లామినేషన్, బాల్‌పెన్ గదిలో కనిపించకూడదు. చిరిగితే జపనీస్ టిష్యూ అనే పలచటి గట్టి కాగితం, పిండి జిగురు. రాస్తే మెత్తటి పెన్సిల్. మంచి మనసుతో ఎవరో ఒకరు పాత సర్టిఫికెట్‌ను లామినేట్ చేయించుకొస్తారు. వేడికి కాగితంలోకి కరిగి అంటుకున్న ఆ ప్లాస్టిక్‌ను తర్వాత తీయడం దాదాపు అసాధ్యం.

లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లు అందరికన్నా ముందు చేసే తప్పు వేరే. క్లాసులో డ్యూయీ (పుస్తకాలను సబ్జెక్టులవారీగా విభజించే పద్ధతి) నేర్చుకున్న చేయి ఊరుకోదు, కట్ట విప్పగానే సబ్జెక్టులవారీగా విడదీస్తుంది. ఆర్కైవ్స్‌లో అది నష్టం. ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో వాళ్ల పేరు మీదే ఉండాలి, వాళ్లు పెట్టుకున్న వరుసే నిలవాలి. ఎర్ర గుడ్డలో చుట్టి కట్టిన బస్తాలో ఒక ఉత్తరం, దాని కింద ఒక బిల్లు, దాని కింద ఒక ఫొటో ఉన్నాయనుకోండి. ఉత్తరాన్ని ఉత్తరాల్లో, ఫొటోను ఫొటోల్లో పడేస్తే ఆ ఫొటోలో ఉన్నది ఎవరో, ఏ సభదో చెప్పే ఆధారం పోతుంది. భద్రత కోసం ఫొటోను వేరే పెట్టాల్సి వస్తే, తీసిన చోట ఒక చీటీ పెట్టాలి: ఏం తీశాం, ఎక్కడ పెట్టాం, ఎవరు, ఏ తేదీన. చీటీ లేకుండా ఏదీ కదలకూడదన్న ఒక్క నియమం పట్టుబట్టి నడిపితే సగం తలనొప్పులు తప్పుతాయి. బస్తా విప్పకముందే ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీయించడం కూడా అలవాటు చేయాలి.

డేటా ఎంట్రీ దగ్గర ఇంకో గొడవ, అది మన ప్రాంతానికే ప్రత్యేకం. నిజాం కాలపు కాగితం మీద 1352 అని ఉంటుంది. ఆపరేటరు దాన్ని ఉన్నదున్నట్టు సంవత్సరం గడిలో కొట్టేస్తాడు. కంప్యూటర్ లెక్కలో అది కాకతీయ రాజ్యం పోయాక 29 ఏళ్లకు రాసిన కాగితం అవుతుంది! అది ఫసలీ, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క. 590 కలిపితే 1942. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది ఆజర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలయ్యేది గనక, జనవరి దాటాక రాసిన కాగితమైతే 591 కలపాలి. నెల తెలియకపోతే 1942-43 అని రాసి, పక్క గడిలో కాగితం మీదున్న అంకెను కూడా ఉంచాలి. ఊరి పేర్లూ అంతే. హన్మకొండ, హనుమకొండ, హనంకొండ అని ముగ్గురు మూడు రకాలుగా కొడితే వెతికేవాడికి మూడో వంతే దొరుకుతుంది. జిల్లాల సంగతి మరీ చిక్కు. 2016లో పాత వరంగల్ జిల్లా చీలి వరంగల్ అర్బన్, రూరల్‌తో పాటు మరికొన్ని జిల్లాలు అయ్యాయి. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. "వరంగల్ జిల్లా" అన్న మాటకు 2015లో ఒక అర్థం, ఇవాళ ఇంకో అర్థం. అందుకే పేర్ల జాబితా ఒకటి ముందే తయారుచేసి, అందులోంచి ఎంచుకోవడమే తప్ప కొత్తగా టైపు చేయకుండా గడిని బిగించాలి.

ఆపరేటర్లు డీటీపీ సెంటర్లలో పనిచేసి వచ్చినవాళ్లైతే అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టే అవకాశం ఉంది. తెర మీద చక్కగా కనిపిస్తుంది, ఆటమ్, డీస్పేస్ లాంటి ఆర్కైవ్స్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించగానే పిచ్చిగీతలు. మొదటి రోజు నుంచే యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) అని చెప్పకపోతే ఆరు నెలల పని మళ్లీ చేయాలి. ఇక ఎంత వివరం రాయాలంటే, ఆర్కైవ్స్ కాగితాలను వివరించడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐశాడ్-జీలో 26 అంశాలున్నాయి, తప్పనిసరి మాత్రం ఆరే: సంకేత సంఖ్య, శీర్షిక, ఎవరు సృష్టించారు, తేదీలు, ఎంత పరిమాణం, ఏ స్థాయి వివరణ. ఆ ఆరూ అన్ని కట్టలకూ పూర్తయ్యాకే మిగతావి.

మనుషుల దగ్గరికొద్దాం. మీ అమ్మాయికి అసలు పరీక్ష ఆ సీనియర్ అటెండరు. డిగ్రీ ఉండకపోవచ్చు, కానీ ఏ బస్తా ఏ గదిలోంచి, ఏ డిపార్ట్‌మెంట్ ఖాళీ చేసినప్పుడు వచ్చిందో ఆయన బుర్రలోనే ఉంది. అది ఎక్కడా రాసి ఉండదు. చేరిన వారంలోనే ఆయన పక్కన కూర్చుని, అరలవారీగా అడిగి రాసుకోవాలి. "అన్నా, ఇవి ముందు ఎక్కడుండె?" అని అడిగితే చెప్పేవాళ్లు, "ఇదేంటి ఇలా పెట్టారు?" అంటే చెప్పరు. ఉర్దూ చదవడం వచ్చినవాళ్లు నలుగురిలో ఎవరూ లేకపోతే ఆ కట్టలను తెరవకుండా పక్కన పెట్టి, వారానికి ఒకరోజైనా ఉర్దూ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక మనిషిని అడగాలి. ఊహించి శీర్షిక పెట్టడం కంటే ఖాళీగా వదిలేయడం నయం.

పని నెమ్మదించేది బద్ధకం వల్ల తక్కువ, ఆసక్తి వల్ల ఎక్కువ. పాత ఉత్తరం చేతిలో పడితే ఎవరైనా చదువుతూ కూర్చుంటారు, పూట గడిచిపోతుంది. పది నిమిషాలకు తేలనిదానికి "చూడాలి" అని చీటీ పెట్టి ముందుకు కదలాలి. శనివారం అరగంట ఆ చీటీలన్నీ అందరూ కలిసి చూడాలి. మొదటి రెండు పెట్టెలు ఒక్కొక్కరివీ పూర్తిగా తనిఖీ చేయాలి, కుదురుకున్నాక పదింటికి ఒకటి చాలు. రోజువారీ చిట్టాలో పెట్టె నంబరు, పట్టిన గంటలు, ఎక్కడ ఆగింది అని మూడే గడులు. పెట్టెల లెక్క గోడ మీద అంటించి పోటీ పెట్టారో, చీటీలు మాయమవుతాయి, పేర్లు సగం సగం పడతాయి. విద్యార్థుల మార్కుల రికార్డులు, సర్వీసు పుస్తకాలు, మెడికల్ సర్టిఫికెట్లు బయటపడితే ఎవరికీ చూపించకుండా వేరే పెట్టెలో పెట్టి లైబ్రేరియన్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ నిర్ణయం మీ అమ్మాయి నెత్తిన వేసుకోకూడదు.

దుమ్ము మాట తేలిగ్గా తీసుకోవద్దు. దులిపే పనికి ఎన్95 మాస్కు, ఒకరికి వరుసగా రెండు గంటలకు మించకుండా మార్చి మార్చి. కాగితానికి నూలు గ్లౌజులు వద్దు, వేళ్లకు స్పర్శ తెలియక చించేస్తారు. కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు. ఫొటోలకు మాత్రం నైట్రైల్ గ్లౌజులు. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. పగలు ఏసీ వేసి సాయంత్రం కట్టేయడం అసలు వేయకపోవడం కంటే చెడ్డది, రాత్రికి తేమ ఒక్కసారి పెరిగి బూజు పడుతుంది. కొన్ని వందల రూపాయల తేమ మీటరు ఒకటి గోడకు పెట్టి రోజూ రాస్తే, జూలైలో పై అధికారులతో మాట్లాడేటప్పుడు చేతిలో అంకెలుంటాయి.

ఇక నెట్. ఇది పనికి అడ్డు కాదు, దీంతో పాటే జరగాలి. యూజీసీ నెట్ జూన్, డిసెంబరు విడతల్లో ఉంటుంది. మొదటి పేపరు 50 ప్రశ్నలు, లైబ్రరీ సైన్స్ పేపరు 100 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పుకు మార్కులు కోయరు. రాష్ట్ర సెట్ (రాష్ట్ర స్థాయిలో ఇలాంటిదే అర్హత పరీక్ష) కూడా రాయాలి. పీజీలో 55 శాతం ఉండి నెట్ లేదా సెట్ ఉంటే అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టుకు అర్హత. ఏడో వేతన సంఘం ప్రకారం అది లెవెల్ 10, మొదటి మూలవేతనం 57,700. డిప్యూటీ లైబ్రేరియన్‌కు పీహెచ్‌డీ, 8 ఏళ్ల అనుభవం అడుగుతారు. ఆ పీహెచ్‌డీ ఆర్కైవ్స్, మాన్యుస్క్రిప్టుల్లో ఉన్నా చెల్లుతుందని యూజీసీ 2018 నిబంధనల్లోనే ఉంది, ఇది చాలామంది గమనించరు. మధ్యలో వీలైతే ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ నడిపే స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో కొన్ని వారాల కోర్సు ఒకటి చేస్తే బాగుంటుంది. పర్మనెంట్ పోస్టులు ఎప్పుడు పడతాయో ఎవరి చేతిలోనూ లేదు. అందుకని బెంగళూరు ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ), ముంబై గోద్రెజ్, పుణె టాటా ఆర్కైవ్స్ లాంటి వాటి ప్రకటనలు కూడా చూస్తుండమనండి. వాళ్లు అడిగేది నువ్వు ఏ కలెక్షన్ పూర్తి చేశావు, సూచిక చూపించు అని. రెండేళ్లలో రెండు సూచికలు పూర్తిచేసి ఆన్‌లైన్‌లో పెట్టించుకుంటే చాలు.

ఇప్పుడు ఆర్డరు కాగితం. జీతం ఇచ్చేది యూనివర్సిటీనా, ఏజెన్సీనా? ఏజెన్సీ అయితే ఏ తేదీకి పడుతుంది, పీఎఫ్ కడతారా? హోదా "సూపర్‌వైజర్" అని రాసి ఉందా, "డేటా ఎంట్రీ"నా? అనుభవ ధ్రువపత్రం ఎవరి సంతకంతో వస్తుంది? కాంట్రాక్టు సర్వీసును తర్వాత రెగ్యులర్ సర్వీసుతో కలపాలంటే అర్హతలు, సెలక్షన్ కమిటీ, రెగ్యులర్ వాళ్లతో సమానమైన జీతం అని యూజీసీ షరతులున్నాయి, ఏజెన్సీ ద్వారా చేసింది మామూలుగా అందులో ఇమడదు. కాబట్టి ఆ ఆశతో చేరొద్దు, పని కోసం చేరమనండి. రెండో షరతు: ఏ కలెక్షన్, ఎన్ని అడుగులు, ఏ స్థాయి వరకు, ఎప్పటికి అని ఒక పేజీ ప్రణాళిక లైబ్రేరియన్ సంతకంతో మొదటి నెలలోనే ఉండాలి. ఇంటర్వ్యూలోనే అడగమనండి: "ప్రస్తుతం ఎన్ని అడుగుల బ్యాక్‌లాగ్ (ఇంకా సర్దని కాగితాలు) ఉంది సార్?" జవాబుగా "చాలా ఉందమ్మా" అంటే అక్కడ ఇంతవరకు ఎవరూ కొలవలేదన్నమాట. అలాంటప్పుడు మొదటి నెల పనిగా టేపు పట్టుకుని అన్ని గదుల అరలూ కొలవడమే రాయించుకోవాలి.